పొయ్యి వెనక గోడకు ఏ టైల్ నిలిచింది: రెండు వంటిళ్లు, ఆరేళ్ల వాడకం

గుంటూరులో మా ఇల్లు రెండు వాటాలు. కింద మేము, పైన మా మరిది కుటుంబం. కట్టి ఆరేళ్లు దాటింది. రెండు వంటిళ్ల కొలతలూ ఒకటే, వంటగట్టుకు వేసిన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ఒకటే, టైల్స్ వేసిన మేస్త్రీ కూడా ఒకరే. తేడా అంతా గట్టుకూ పై అరలకూ మధ్య ఉన్న రెండడుగుల గోడలో ఉంది. టైల్స్ షాపుల్లో డాడో అనేది దీన్నే.

కింద నేను వేయించింది లేత దంతపు రంగు సిరామిక్ టైల్. 300 బై 600 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అడుగు బై రెండడుగులు. నున్నగా మెరిసే రకం. టైల్స్ మధ్య సందులను పూడ్చే గ్రౌట్ ఎపాక్సీది, అంటే సిమెంట్ కాకుండా రెసిన్‌తో చేసింది. పైన మా తోడికోడలు ఎంచుకున్నది 200 మిల్లీమీటర్ల చదరాలు, నీలం తెలుపు మొరాకో నగిషీ, మెరుపు లేని మ్యాట్ రకం, సందుల్లో మామూలు తెల్ల సిమెంట్ గ్రౌట్. అందంలో ఆమెదే పైచేయి, అందులో వాదన లేదు. చుట్టాలొస్తే ఇప్పటికీ ఫొటోలు దిగేది పై వంటింట్లోనే. ఈ సమీక్ష మాత్రం ఫొటోలు దిగేవాళ్ల కోసం కాదు, రెండు పూటలా పోపు పెట్టేవాళ్ల కోసం.

షాపులో అందరం రంగు చూస్తాం, డిజైను చూస్తాం, చదరపు అడుగు ధర అడుగుతాం. ఇన్నేళ్లు వాడాక రెండు గోడలనూ పోల్చి చూస్తే తేడా తెచ్చింది ఈ మూడూ కావు, టైల్‌కూ టైల్‌కూ మధ్య ఉన్న సందు. టైల్ పైపూత నిజానికి కొలిమిలో కరిగి అతుక్కున్న గాజు. దానిలోకి నూనె ఇంకదు, పసుపు దిగదు. సిమెంట్ గ్రౌట్‌కు సన్నని రంధ్రాలుంటాయి, తగిలిన ప్రతిదాన్నీ తాగేస్తుంది.

ఒక లెక్క వేసుకోండి. పదడుగుల పొడవు, రెండడుగుల ఎత్తున్న గోడ అనుకుందాం. నాలుగంగుళాల చదరాలు వేస్తే లోపలి సందుల మొత్తం పొడవు 108 అడుగులు. ఎనిమిదంగుళాలవైతే 48. అడుగు బై రెండడుగులవైతే 18. రెండు బై నాలుగడుగుల పెద్ద పలకలైతే నాలుగే అడుగులు. అదే గోడకు రెండంగుళాల మొజాయిక్ వేస్తే 228 అడుగులు! రుద్దాల్సింది అంత పొడవన్నమాట. ఇంటీరియర్ ఫొటోల్లో కనిపించే ఇటుక ఆకారపు తెల్ల సబ్‌వే టైల్స్ చాలామందికి ఇష్టం. మూడు బై ఆరంగుళాల ఆ టైల్స్ 1904లో మొదలైన న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్ల గోడల నుంచి ఇళ్లలోకి వచ్చాయి. ఆ స్టేషన్లలో ఎవరూ ఎండుమిరపకాయల తాలింపు పెట్టలేదు.

మరో సంగతి మేస్త్రీ చెప్తేనే నాకు తట్టింది. అడుగు బై రెండడుగుల టైల్‌ను పడుకోబెట్టి వేసినా నిలబెట్టి వేసినా సందుల మొత్తం మారదు. కానీ పడుకోబెడితే గట్టుకు సరిగ్గా అడుగు ఎత్తున ఒక అడ్డగీత గోడ పొడవునా నడుస్తుంది. మూకుడులో ఆవాలు చిటపటలాడేది, కుక్కర్ విజిల్‌తో పప్పు చిమ్మేది ఆ ఎత్తులోనే. నిలబెడితే నిలువు గీతలే ఉంటాయి, చిందిన నూనె ఎక్కడా ఆగదు. మేము నిలబెట్టే వేయించాం. పెద్ద బర్నర్ టైల్ మధ్యకు వచ్చేలా ఆ వైపు నుంచే కొలత మొదలుపెట్టమన్నాం.

ఇక పసుపు. పై వంటింట్లో పొయ్యి వెనక గ్రౌట్ మొదటి ఏడాదిలోనే పచ్చబడింది. తోడికోడలు చాకలి సోడా నీళ్లతో రుద్దితే పచ్చదనం పోకపోగా ఎర్రబడింది. “అక్కా, గోడకు పారాణి పెట్టినట్టుంది, వచ్చి చూడు” అని పిలిచింది. నిజంగా అదే జరిగింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే, సోడా క్షారం కాబట్టి పసుపులోని కర్‌క్యుమిన్ రంగు మారింది. కాబట్టి పసుపు మరక మీద సోడా వద్దు, జిడ్డు మీదైతే భేషుగ్గా పనిచేస్తుంది. కర్‌క్యుమిన్‌కు వెలుతురు పడదు. అందుకే కిటికీ పక్కన పడిన మరకలు కొన్నాళ్లకు వాటంతటవే వెలిసిపోయాయి, పై అరల నీడలో ఉన్నవి అలాగే నిలిచాయి.

మ్యాట్ టైల్ గురించి షాపువాళ్లు మరకలు కనబడవని చెప్తారు. కనబడవు, నిజమే. నూనె ఆవిరి గోడకు పట్టి వేడికి గట్టిపడితే వార్నిష్ వంటి పొర అవుతుంది. కనబడలేదు కదా అని వారం వదిలేస్తే ఆ పొర గరుకు ఉపరితలంలో కూర్చుంటుంది. చేత్తో తడిమితే తెలుస్తుంది. నా మెరిసే టైల్ మీద ప్రతి చుక్కా కనబడుతుంది, చికాకే, కానీ వంట అయ్యాక వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. చిమ్నీ రెండు ఇళ్లలోనూ ఉంది. అది పొగను లాగుతుంది తప్ప చిందే పోపును పట్టుకోలేదు.

సిరామికా, విట్రిఫైడా (ఎక్కువ వేడిలో గాజులా గట్టిపడేలా కాల్చిన టైల్) అన్న ప్రశ్న ఈ గోడకు అంత పెద్దది కాదు. గోడలకు వాడే మామూలు సిరామిక్ టైల్ తన బరువులో 10 శాతానికి పైగా నీరు పీలుస్తుంది, విట్రిఫైడ్ అర శాతానికి మించి పీల్చదు. అయితే ఆ పీల్చేది వెనకవైపు నుంచి, ముందు పూత ఉంది కదా. ఈ గోడ మీద ఎవరూ నడవరు, అంత బలం అక్కర్లేదు. పైగా సిరామిక్ తేలిక, స్విచ్ బోర్డు కోసం కోయడం, మేకుకు రంధ్రం వేయడం సులువు. విట్రిఫైడే కావాలంటే సిమెంట్ పాలతో అంటించనివ్వకండి. అది నీరు పీల్చదు కాబట్టి సిమెంట్ సరిగా పట్టదు, టైల్ అడ్హెసివ్ తప్పనిసరి. సిరామిక్‌ను సిమెంట్‌తో వేసేట్లయితే ముందు నీళ్లలో నానబెట్టాలి. వేసి ఆరాక వేలి కణుపుతో ప్రతి టైల్ మీదా కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అప్పుడే తీయించండి.

ఎపాక్సీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పెట్టేదీ మేస్త్రీతో పేచీ వచ్చేదీ ఇక్కడే. రెసిన్, హార్డెనర్, పొడి మూడూ కలిపి వాడాలి. ధర సిమెంట్ గ్రౌట్‌కు ఎన్నో రెట్లు. కలిపాక త్వరగా బిగుసుకుపోతుంది, మన వేసవిలో ఇంకా త్వరగా. అందుకే కొంచెం కొంచెంగా కలిపించాలి. టైల్ మీద మిగిలిన పొరను పచ్చిగా ఉన్నప్పుడే స్పాంజితో తుడవాలి, ఆరితే వదలదు. మా మేస్త్రీ కూడా “ఈ గోడకు ఇది దేనికమ్మా, తెల్ల సిమెంట్ పూస్తే పోతుంది” అని గొణిగారు. ఆరేళ్లయింది, పొయ్యి వెనక సందుల్లో పసుపు మరక లేదు. ఒక్క మార్పు వచ్చింది: కిటికీ వైపు ఎండ తగిలే చోట ఎపాక్సీ రంగు కాస్త పసుపు తిరిగింది. దంతపు రంగు టైల్ కాబట్టి కలిసిపోయింది, తెల్లని తెలుపైతే కనబడేది.

నా టైల్‌కూ లోపాలున్నాయి. పై అర కింద ఎల్‌ఈడీ పట్టీ పెట్టిస్తే దానిలోని దీపాల చుక్కలన్నీ గోడలో ప్రతిఫలించి కళ్లకు కొడుతున్నాయి. పాలలాంటి తొడుగున్న పట్టీ వేశాక తగ్గింది, పూర్తిగా పోలేదు. పెద్ద బర్నర్ వెనక టైల్ పూతలో వెంట్రుకంత సన్నని గీతలు వచ్చాయి. వేలికి తగలవు, వెలుతురు వాటంగా పడితే కనిపిస్తాయి. మార్చేంత ఇబ్బంది లేదు గానీ లోపం లోపమే.

సింకు వైపు కథ వేరు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, చుక్క ఆరితే తెల్ల మచ్చ. లేత రంగు మీద అది కనబడదు, పైన నీలం మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. అదే పులుపు సిమెంట్ గ్రౌట్‌ను కూడా కొద్దికొద్దిగా తినేస్తుంది కాబట్టి వెంటనే కడిగేయాలి. బాత్రూం యాసిడ్ ఆ దరిదాపులకు కూడా రానివ్వకండి. గ్రానైటు గట్టూ టైలూ కలిసే మూల మాత్రం రెండు ఇళ్లలోనూ సిలికాన్‌తోనే నింపించాం. ఆ మూలలో గట్టి గ్రౌట్ పెడితే కొద్దిపాటి కదలికకే పగిలి నీరు లోపలికి దిగుతుంది. సింకు దగ్గర సిలికాన్ నల్లబడింది, గీకి కొత్తది వేయించాల్సి వచ్చింది.

కొనేటప్పుడు పెట్టెల మీద బ్యాచ్, షేడ్ నంబర్లు అన్నింటికీ ఒకటేనా చూసుకోండి. బ్రాండ్ ఏదైనా సరుకులో చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చేదే. డిజైన్లు త్వరత్వరగా మారిపోతాయి, తర్వాత ఒక్క టైల్ పగిలితే అదే రంగు దొరకదు. పది శాతం ఎక్కువ తీసుకుని, మిగిలినవి అటక మీద పడేయండి. కాఫీ కప్పులు, ద్రాక్షగుత్తులు ముద్రించిన హైలైటర్ టైల్స్ గురించి నేనేమీ చెప్పను, ఇష్టమున్నవాళ్లు ఇష్టపడతారు.

మా తోడికోడలికి తన మొరాకో టైల్స్ తీయించే ఉద్దేశం లేదు, నేనూ తీయించమనను. పాత సిమెంట్ గ్రౌట్ గీకించి ఎపాక్సీ నింపిస్తోంది. మ్యాట్ టైల్ మీద ఎపాక్సీ పొర అంటుకుంటే తుడవడం కష్టం కాబట్టి సందుకు రెండు వైపులా టేపు వేసి చేయాలని మేస్త్రీ అన్నారు. సందులన్నీ గీకడానికి ఒక రోజు, నింపడానికి ఇంకో రోజు పడుతుందట. ఆ రెండు రోజులూ రెండిళ్ల వంటా మా గట్టు మీదే.