ముందు ఒక్క పళ్ల చక్రంతో రెండున్నరేళ్లు: పాత మౌంటెన్ బైక్ మీద నా అనుభవం

సైకిల్ ముందు గేర్లు మార్చే ఎడమచేతి బొటనవేలికి పని లేకుండా పోవడం ఇంత సుఖంగా ఉంటుందని నేను అనుకోలేదు. 2011లో కొన్న నా 26 అంగుళాల మౌంటెన్ బైక్‌కు ముందువైపు ఉన్న 42, 32, 22 పళ్ల మూడు చక్రాలనూ తీసేసి, 32 పళ్ల నారో-వైడ్ (సన్న, వెడల్పు పళ్లు మార్చి మార్చి ఉండే) చక్రం ఒక్కటే బిగించి రెండున్నరేళ్లు దాటింది. శ్రీకాకుళంలో రోజూ ఇంటి నుంచి బడికి పోయి రావడమూ, ఆదివారాలు బౌద్ధ స్తూపం ఉన్న శాలిహుండం కొండ, సముద్రపు ఒడ్డునున్న కళింగపట్నం వైపు వెళ్లడమూ కలిపి ఆరు వేల కిలోమీటర్లకు పైగా తొక్కిన తరువాత ఇది రాస్తున్నాను.

మార్చడానికి కారణం ముందు డీరైలర్ మీద, అంటే చైనును ఒక చక్రం నుంచి మరోదానికి నెట్టే పరికరం మీద, పేరుకున్న కోపమే. మధ్య చక్రం మీద చైను ఉన్నప్పుడు వెనుక గేరు రెండు మెట్లు మార్చితే చాలు, చైను ఆ డీరైలర్ రేకుకు రాసుకుంటూ కిర్రుమనేది. ఎడమ మీటను సగం నొక్కి సర్దితే ఆ చప్పుడు పోయి వేరే చప్పుడు వచ్చేది. ఉప్పుగాలికి కేబుల్ లోపల తుప్పు పట్టి, సరిగ్గా ఎత్తు మొదలయ్యే చోట చిన్న చక్రానికి దిగమంటే దిగేది కాదు, దిగితే ఒక్కోసారి ఆగకుండా ఫ్రేము మీదికే జారి రంగంతా గీరేది. పదేళ్లలో ఆ మూడు చక్రాలను నేను వాడుకున్న దానికంటే సర్దించుకున్నదే ఎక్కువ.

మార్పిడి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నా క్రాంక్‌కు (పెడల్‌ను మోసే చేతికి) చక్రాలు రివిట్లతో కాక బోల్టులతో ఉన్నాయి కాబట్టి క్రాంక్ మార్చే పని పడలేదు. రివిట్లు ఉన్నవారికి ఖర్చు ఇక్కడే పెరుగుతుంది. వెనుక 8 మెట్ల క్యాసెట్, అంటే పళ్ల చక్రాల గుత్తి, అలాగే 8 మెట్లదే, కాకపోతే 11 నుంచి 32 పళ్ల దాని బదులు 11 నుంచి 40 పళ్లది. పాత వెనుక డీరైలర్ అంత పెద్ద చక్రాన్ని అందుకోలేదు గనుక దానిని కొంచెం కిందికి దింపే లింకు ఒకటి మధ్యలో వేశాను. మూడు చక్రాలు ఉన్నప్పటి పాత పొడుగు బోల్టులతోనే ఒక్క చక్రాన్ని బిగించి, వారం రోజులు టకటకమనే చప్పుడుకు కారణం వెతికిన తెలివితక్కువతనం కూడా నాదే. పొట్టి బోల్టులు వేశాక ఆ చప్పుడు పోయింది. కొత్త చైనుతో కలిపి మొత్తం ఐదు వేల రూపాయల లోపే అయింది.

ఆ తరువాత వచ్చిన నిశ్శబ్దమే నా ఆనందమంతా. నారో-వైడ్ చక్రంలో ఒక పన్ను సన్నగానూ, పక్కది వెడల్పుగానూ ఉంటాయి. చైనులో కూడా లోపలి లింకు ఇరుకు, బయటి లింకు విశాలం. ఆ రెండూ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. సన్న పన్ను ఇరుకులోకి, వెడల్పు పన్ను విశాలంలోకి దిగితే చైను పక్కకు జారడానికి సందు ఉండదు. 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్ఎక్స్1 గేర్ల సెట్టుతో బాగా వ్యాప్తిలోకి వచ్చిన ఈ పద్ధతిని అంతకు ముందటి ఏడాది కొన్న సైకిల్‌కు ఎక్కించుకున్నానన్న సంతోషం కొద్దీ, మొదటి ఆరు నెలలూ కనబడ్డ వాళ్లందరికీ "ఇంక చైను ఊడదు" అని చెప్పుకుంటూ తిరిగాను.

ఒక శనివారం సాయంత్రం చైను విప్పి కిరోసిన్‌లో కడిగాను. తిరిగి ఎక్కించే వేళకు కరెంటు పోయింది. సెల్‌ఫోన్ వెలుతురులోనే చైను రెండు కొసలనూ జోడించే క్విక్ లింక్ కలిపి, పెడల్ రెండుసార్లు తిప్పి చూసి పడుకున్నాను. మర్నాడు తెల్లవారకముందే శాలిహుండం బయలుదేరితే, ఏడు రోడ్ల కూడలి దాటకుండానే కాలికింద చిన్నగా గరగరమన్నట్టు అనిపించింది. ఇసుక కడుక్కుపోలేదేమో అనుకున్నాను. చదును మీద ఎలాగో నడిచింది. కొండ మొదలై పెడల్ మీద బరువు వేయగానే చైను ఎగిరి బయటికి పడింది. ఎక్కించాను, పది గజాల్లో మళ్లీ పడింది. మూడోసారి పడ్డప్పుడు పాదం జారి, పెడల్ పిన్నులు పిక్కను గీరాయి. వంశధారనూ చూడలేదు, స్తూపాన్నీ చూడలేదు. ఆరు నెలలకే పళ్లు అరిగిపోయాయనీ, చవకకు ఆశపడి నాసిరకం చక్రం కొన్నాననీ నన్ను నేను తిట్టుకుంటూ సైకిల్‌ను నడిపించుకుని వెనుదిరిగాను.

దారిలోని ఒక ఊళ్లో కొబ్బరి మట్టల పాక కింద పంచర్లు వేసే పెద్దాయన కనిపించాడు. గేర్ల సైకిళ్లు ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చేవి కావని పాకలోని సరుకు చూస్తేనే తెలుస్తుంది. ఆయన ఏమీ అడగకుండా బండి వెనుక చక్రాన్ని పైకెత్తించి, పెడల్‌ను బొటనవేలితో మెల్లగా తిప్పుతూ ముందు పళ్ల చక్రం దగ్గర కళ్లు పెట్టి చూశాడు. తరువాత, "చైను ఎక్కింది గానీ కూచోనేదు, మాస్టారూ," అన్నాడు. చూపించాక నాకూ కనిపించింది. చైను పళ్ల సందుల్లోకి దిగలేదు, పళ్ల కొసల మీద తేలుతోంది. వెడల్పు పన్ను ఇరుకు లింకు కింద పడింది, అందులోకి అది ఎప్పటికీ దిగదు. ఆయన పాత స్పోకు ముక్కతో చైనును పైకి లేపి, ఒక్క పన్ను ముందుకు జరిపి వదిలాడు. చిన్న శబ్దంతో చైను మొదలంటా దిగి కూర్చుంది. శనివారం చీకట్లో నేను చేసిన తప్పే కొండ దగ్గర మూడుసార్లూ మళ్లీ చేశానన్నమాట. జేబులోంచి డబ్బు తీస్తే, "ఒక పన్ను జరిపినందుకు డబ్బులేటండి," అని నవ్వేశాడు. సరిగ్గా ఉందో తప్పుగా ఉందో ఏ గుడ్డి వెలుతురులోనైనా వేలితో తడిమి తెలుసుకునేందుకు, వెడల్పు పళ్లలో ఒకదాని పక్కన ఇప్పుడు తెల్ల రంగు చుక్కతో పాటు ఆకురాయితో ఒక గీత కూడా పెట్టుకున్నాను.

కాబట్టి ఆ రోజు తప్పు చక్రానిది కాదు. కానీ "ఊడదు" అన్న నా మాట మాత్రం పూర్తిగా నిలవలేదు. ఆ తరువాత గతుకుల రోడ్డు మీద వేగంగా వెళ్తుండగా రెండుసార్లు చైను నిజంగానే పడింది. నా పాత వెనుక డీరైలర్‌లో చైనును బిగువుగా పట్టి ఉంచే క్లచ్ లేదు, గుంతలో పడ్డప్పుడల్లా చైను తాడులా ఊగుతుంది. కొత్త డీరైలర్ కొనాలంటే దానికి తగిన మీట కూడా మార్చాలి. చివరికి చేసిందేమిటంటే, అంత కోపంతో విప్పిపారేసిన ముందు డీరైలర్‌నే పెట్టెలోంచి తీసి, కేబుల్ లేకుండా, రెండు స్క్రూలనూ బిగించి కదలకుండా చేసి, చైనుకు కాపలాగా మళ్లీ పెట్టాను. చైను దానికి తగలదు, కిర్రుమనదు. అప్పటి నుంచి పడలేదు. అయినా దాన్ని చూసిన ప్రతిసారీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

ఇంకొక లోటు ఎదురుగాలిలో తెలుస్తుంది. మధ్యాహ్నం దాటాక కళింగపట్నం వైపు వెళ్తుంటే సముద్రపు గాలి ముఖానికి కొడుతుంది. పాత క్యాసెట్‌లో 21 పళ్ల చక్రం తరువాత 24, 28 పళ్లవి ఉండేవి. కొత్తదానిలో 22 తరువాత నేరుగా 28. నిమిషానికి 80 చుట్లు తొక్కే నాకు 22 మీద గంటకు 14 కిలోమీటర్లు, 28 మీద 11 వస్తాయి. ఆ గాలిలో నా కాళ్లకు కావలసింది సరిగ్గా మధ్యలో ఉన్న 13, అది పాత 24 మీద దొరికేది. పై వేగం 38 నుంచి 29కి తగ్గడం మాత్రం నన్నేమీ బాధించలేదు, ఈ వయసులో 38తో నాకు పని లేదు. రథసప్తమి రద్దీలో అరసవల్లి దగ్గర ఆగి ఆగి వెళ్తున్నప్పుడు ఒక సంగతి గమనించాను: 40 పళ్ల మీద ఉండగా పెడల్ వెనక్కి తిప్పితే చైను కింది మెట్లకు జారిపోతుంది. చైను అక్కడ మరీ ఏటవాలుగా ఉండడమే కారణం. ఆగేముందు రెండు మెట్లు దిగడం అలవాటు చేసుకున్నాను.

మరి మార్చుకోమంటారా అని అడిగితే, నాలాగా చదును ఊళ్లో ఉంటూ వారానికి ఒక్క చిన్న కొండ ఎక్కేవారికి, పాత ముందు గేర్లతో విసిగిపోయినవారికి, మార్చుకోండనే అంటాను. బరువు సంచులు కట్టుకుని తిరిగేవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి అనను. ముందు పాత 22 పళ్లు, వెనుక 32 పళ్లతో పెడల్ ఒక చుట్టుకు వెనుక చక్రం 0.69 చుట్టు తిరిగేది, ఇప్పుడు అన్నిటికంటే తేలిక గేరులో కూడా 0.8 తిరుగుతుంది, నిలువు ఎత్తులో ఆ తేడాను మోసేది మోకాలే. శాలిహుండం కొండను ఇప్పటికైతే దిగకుండా ఎక్కుతున్నాను. సీతంపేట కొండల వైపు బదిలీ అయితే ఎక్కగలనని చెప్పలేను. అందుకే ఆ 22 పళ్ల చక్రాన్నీ, పొడుగు బోల్టులనూ, ఎడమ మీటనూ నూనె గుడ్డలో చుట్టి అటక మీద ఉంచాను.