సెకండ్‌హ్యాండ్ ఫోర్‌బైఫోర్ జీపు కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చేముందు బండి కిందికి దూరి చూడండి

పాత మహీంద్రా జీపులు, మారుతీ జిప్సీలు వెతుకుతున్నవాళ్ళు కాస్త జాగ్రత్త. ఫోర్‌బైఫోర్ అంటే నాలుగు చక్రాలకీ ఇంజను పవరు అందే బండి, దాన్నే ఫోర్‌వీల్ అంటాం. "ఫోర్‌బైఫోర్, కండిషన్ సూపర్" అన్న మాట నమ్మి టోకెన్ అడ్వాన్సు పంపేయకండి.

విజయవాడ వైపు ఒక డీలరు దగ్గర నేను చూసిన జీపు ముచ్చటగా ఉంది. కొత్త రెగ్జిన్ టాపు, గేరు రాడ్డు పక్కన ఫోర్‌వీల్ లీవరు. లో రేంజిలో, అంటే మెల్లగా, గట్టిగా లాగే గేరులో వేసి మట్టిగట్టు కూడా ఎక్కించి చూపించాడు. కిటుకంతా అక్కడే ఉంది. ముందు చక్రాలకి పవరు అందకపోయినా లో రేంజి వెనక చక్రాలకి పనిచేస్తూనే ఉంటుంది. బండి గట్టిగా లాగుతుంది, మనం ఫోర్‌వీలే అనుకుంటాం. నాతో వచ్చిన మెకానిక్ కిందికి దూరి, "ముందు చక్రాలకి పవరు తీసుకెళ్ళే షాఫ్టే లేదు సార్" అన్నాడు. షాఫ్టు బిగించాల్సిన గుండ్రటి బిళ్ళకి (ఫ్లాంజి) నల్ల పెయింటు కొట్టి, బోల్టు రంధ్రాల్లో గ్రీజు కూరారు. అడిగితే "రిపేరుకి పంపాం, డెలివరీకి బిగించేస్తాం" అన్నాడు. బేరం వద్దంటే, నేను అప్పటికే ఇచ్చిన అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది.

అందుకే మెత్తటి మట్టినేల మీద నడిపి చూడండి. ముందు చక్రాల మధ్యలో ఉండే హబ్‌లు లాక్ చేసి, ఫోర్‌వీల్ వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోనివ్వండి. నిజంగా పనిచేస్తుంటే బండి కాస్త బ్రేకు పట్టినట్టు బిగుసుకుంటుంది. హాయిగా తిరిగితే అనుమానించాల్సిందే. తారురోడ్డు మీద మాత్రం ఈ పరీక్ష వద్దు, గేర్ల మీద భారం పడుతుంది.

మహీంద్రా థార్ అయితే వెనక అంటించిన బ్యాడ్జీ చూసి మురిసిపోకండి. 2023 జనవరి నుంచి టూవీల్ డ్రైవ్ థార్ కూడా వస్తోంది. ఆర్సీలో డీజిలు ఇంజను 1497 సీసీ అని ఉంటే అది టూవీలే.

అసలు ఫోర్‌వీల్ మనకి అవసరమా? ఆ డీలరు మొట్టమొదట అడిగింది "మీ ఇంట్లో జీపు ఉండేదా సార్" అని. ఉండేది. నాన్న మహీంద్రా కమాండరు జీపు నడిపేవాడు. వెనక ఫుట్‌బోర్డు మీద నిలబడి, టాపు రాడ్డు పట్టుకుని, దుమ్ము మింగుతూ సంతకి వెళ్ళేవాళ్ళం. వానాకాలం నల్లరేగడిలో దిగబడితే అందరూ దిగి తోసేవాళ్ళు, లేదంటే ట్రాక్టరు వచ్చేది. దానికి ఫోర్‌వీల్ లేదు. మన ఊళ్ళల్లో సర్వీసు తిరిగిన జీపుల్లో చాలావాటికి లేదు. రేగడి టైరుకి చుట్టుకుపోయాక ఫోర్‌వీల్ ఉన్న బండైనా జారాల్సిందే, అన్నిటికంటే మొదట టైర్లు బాగుండాలి.

మీది కాఫీ తోటో, కొండవాగు అవతల పొలమో అయితే తప్పకుండా తీసుకోండి, ఆ డబ్బుకి విలువ ఉంది. బొర్రా గుహల దగ్గరి కటికి జలపాతానికి జీపులు వెళ్ళే దారి చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి అరకు రోడ్డెక్కి రావడానికైతే దండగ. ముందు చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టెకి (డిఫరెన్షియల్), ముందుకీ వెనక్కీ పవరు పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకి కూడా ఆయిలు మార్చాలి, మైలేజీ తగ్గుతుంది, పైగా బ్రేకు వేసినప్పుడు అది చేసే సాయం ఏమీ ఉండదు. ఘాట్ రోడ్లో మనకి కావాల్సింది బ్రేకే కదా!

అన్నట్టు, ఆ జీపు మళ్ళీ అమ్మకానికి పెట్టారు. షాఫ్టు బిగించారో లేదో గానీ, రేటు మాత్రం నలభై వేలు పెంచారు.