అద్దె చవకే, మీటరే తినేసింది: మిడిల్స్‌బ్రోలో నా రెండేళ్లు

ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రో చవక ఊరని మొదటి ఏడాదంతా కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. టీసైడ్ యూనివర్సిటీ ఊరి నడిమధ్యే, నడిచి వెళ్లిపోయేవాణ్ని, బస్సు ఖర్చు లేదు. గది నెలకు 320 పౌండ్లంటే లండన్‌లో ఉన్న మా బాబాయి కొడుకు నమ్మలేదు. ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కాకపోతే ఆ 320లో కరెంటు, గ్యాస్ లేవని అప్పట్లో కాస్త మెల్లగా చెప్పేవాణ్ని.

లింథార్ప్ రోడ్డు దగ్గర పాత ఇటుకల ఇల్లు మాది, మెట్ల కింద ప్రీపెయిడ్ మీటర్లు. కరెంటుకు కీ, గ్యాస్‌కు కార్డు. అయిపోతే వీధి చివర షాపుకెళ్లి టాప్‌అప్ చేయించాలి. జనవరిలో 20 పౌండ్ల గ్యాస్ ఇల్లు పంచుకునే మా నలుగురికి నాలుగు రోజులొస్తే గొప్ప. హీటింగ్ ఎవరు వేశారని రోజూ పంచాయితీ. సరే, చలి దేశం, అది తెలిసే వచ్చాం.

తెలియనిది వేసవిలో తగిలింది. ఇంట్లో వాళ్లంతా తలోవైపు వెళ్లారు, నేను రెండు నెలలు ఖమ్మంలో ఉన్నాను. వెళ్లే ముందు గ్యాస్ అయిపోతే 10 పౌండ్ల ఎమర్జెన్సీ క్రెడిట్, అంటే మీటర్ ఇచ్చే అప్పు, వాడేశాం, వచ్చాక కడదాంలే అని. సెప్టెంబరులో దిగగానే 20 పౌండ్లు వేయించి మీటర్లో కార్డు పెట్టాను. కాసేపటికి బాత్రూంలోంచి మాతో ఉండే తమ్ముడి కేక: "అన్నా, చన్నీళ్లే వస్తున్నాయి!" వెళ్లి చూస్తే మీటర్ ఇంకా బాకీ చూపిస్తోంది. గ్యాస్ వెలిగించకపోయినా స్టాండింగ్ ఛార్జ్, అంటే వాడినా వాడకపోయినా కట్టాల్సిన రుసుము, రోజుకు దాదాపు 30 పెన్స్ పడుతూనే ఉందట. అరవై రోజులకు 18, పాత 10 కలిపితే 28. నా 20 ఆ బాకీలోకే పోయింది. ప్రయాణం బడలికతో, తడి తలతో ఉన్న ఆ తమ్ముడితో కలిసి మళ్లీ షాపుకు నడిచాను. షాపతను నవ్వాడు, రోజూ చూసే కథే కాబోలు.

ఒంటరిగా, కాలేజీకి నడిచే దూరంలో ఉండేవాళ్లకు ఈ ఊరు ఇప్పటికీ మంచి బేరమే అంటాను. భార్యాపిల్లలతో వచ్చేవాళ్ల లెక్క నాకు తెలియదు. పైగా ఫుల్‌టైమ్ విద్యార్థులకు లేని కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక పన్ను), కోర్సు ముగిశాక నాకూ మొదలైంది. ఇప్పుడు బిల్లులన్నీ కలిపి 430 పౌండ్ల గదిలో ఉంటున్నా. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటగది కన్నా ముందు మెట్ల కిందకే తొంగిచూశాను.