తిరిగే కార్ సీటు బేస్: తిప్పి చూసి మురిసిపోయే ముందు

షాపులో పిల్లల కార్ సీటును తలుపు వైపు ఒక్క చేత్తో తిప్పి చూపిస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. ఆపరేషన్ అయి నెల కూడా తిరగని తల్లికి, నడుం పట్టేసే తాతయ్యకి బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టి పట్టీ బిగించగలగడం పెద్ద ఊరట, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ సుఖమంతా ఎత్తేవాళ్ళ నడుముకి. కారు గుద్దుకున్నప్పుడు బిడ్డకు అక్కరకొచ్చేవి బేస్ కారుకు అతుక్కున్న గట్టితనం, సీటు వెనక్కి చూస్తూ ఉండటం, పట్టీ బిగుతు. అందుకే సీటు ఎంత మెత్తగా తిరుగుతుందన్నది ఈ సమీక్షలో వెనక వరసలో ఉంటుంది.

యూరప్‌లో దొరికేవి రెండు దారులు. మొదటిది, బేస్ వేరు, సీటు వేరు. మ్యాక్సి-కోసి ఫ్యామిలీఫిక్స్ 360, సైబెక్స్ బేస్ టి ఈ కోవలోవి. మ్యాక్సి-కోసిలో పుట్టిన దగ్గర్నుంచి 83 సెంటీమీటర్ల వరకు పెబుల్ 360, ఆ తర్వాత 105 వరకు పెర్ల్ 360 అదే బేస్ మీద కూర్చుంటాయి. సైబెక్స్‌లో క్లౌడ్ టి, సిరోనా టి అలాంటి జంటే. రెండోది, బేసూ సీటూ ఒకే ముద్ద. జోయి ఐ-స్పిన్ 360, బ్రిటాక్స్ రోమర్ డ్యుయల్‌ఫిక్స్ లాంటివి. పుట్టిన నాటి నుంచి సుమారు నాలుగేళ్ళ వరకు అదొక్కటే.

వేరు వేరుగా ఉన్న రకంలో అసలు లాభం పసిబిడ్డ నిద్ర చెడకపోవడం. సీటును బిడ్డతో సహా ఊడదీసి ఇంట్లోకి తీసుకెళ్ళొచ్చు, స్ట్రోలర్ మీద పెట్టొచ్చు. అంతకన్నా ముఖ్యం, పెబుల్ 360, క్లౌడ్ టి రెండింటినీ బేస్ లేకుండా మామూలు మూడు పాయింట్ల సీట్ బెల్టుతోనూ కట్టొచ్చు. అంటే టాక్సీలో, బంధువుల కారులో బేస్ అక్కర్లేదు. ఇక్కడే చాలామంది ఒక పప్పులో కాలేస్తారు. రెండో సీటుకు మారాక ఈ వెసులుబాటు పోతుంది. పెర్ల్ 360 గానీ సిరోనా టి గానీ బేస్ లేకుండా కారులో పెట్టడానికి కుదరదు. ఇంట్లో రెండు కార్లుంటే రెండో బేస్ కొనాలి, లేదా రోజూ ఊడదీసి బిగించాలి. మొత్తం మీద మూడు వస్తువుల ఖర్చు ఇది: బేస్, చిన్న సీటు, పెద్ద సీటు. చిన్న సీటు ఏడాది, ఏడాదిన్నరకే చిన్నదైపోతుంది.

పేర్ల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఒకే కంపెనీ బేసుల పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. సైబెక్స్‌లో జడ్ వరస, టి వరస వేరు. మ్యాక్సి-కోసిలో 360 ఉంది, సీటును తలుపు వైపు బయటికి జరిపే 360 ప్రో కూడా ఉంది. సెకండ్ హ్యాండ్‌లో బేస్ ఒకరి దగ్గరా సీటు మరొకరి దగ్గరా కొనేవాళ్ళు మోడల్ పేరు చివరి అక్షరం దాకా సరిపోల్చుకోవాలి. సీటు బేస్ మీద కూర్చున్నట్టు కనిపించినంత మాత్రాన లాక్ పడినట్టు కాదు.

ఒకే ముద్దగా ఉన్న వాటిలో ఐ-స్పిన్ 360 లెక్క చూస్తే ఈ సీట్లన్నిటి పరిమితీ అర్థమవుతుంది. యూరప్‌లో పిల్లల సీట్లకు వర్తించే ఆర్129 భద్రతా నిబంధన ప్రకారం ఐసోఫిక్స్ కొక్కేల (కారు సీటు సందులోని కడ్డీలను పట్టుకునేవి) మీద సీటు, బిడ్డ కలిపి 33 కిలోలు దాటకూడదు. సీటే 14 కిలోల దాకా ఉంటుంది కాబట్టి బిడ్డకు మిగిలేది 19 కిలోలు. సీటులో ఎన్ని హంగులు, ఎంత ఇనుము చేరితే బిడ్డ వాటా అంత తగ్గుతుంది. పొడుగ్గా, బొద్దుగా పెరిగే పిల్లలున్న ఇళ్ళలో డబ్బా మీద సెంటీమీటర్లతో పాటు కిలోల అంకె కూడా చదవాలి. రెండిట్లో ఏది ముందు దాటితే ఆ రోజుతో ఆ సీటు పని అయిపోయినట్టే.

ఇక ఈ సీట్లలో ఉన్న నిజమైన ప్రమాదం. ముందుకి తిప్పడం చాలా తేలిక. పాప ఏడుస్తోందనో, మొహం కనబడటం లేదనో ఒక్క చేత్తో ముందుకి తిప్పేయొచ్చు. ఆర్129 ప్రకారం 15 నెలలు దాటి, 76 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అది కూడదు. పసివాళ్ళ తల ఒంటితో పోలిస్తే బరువు, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. ముందు నుంచి గుద్దుకుంటే, ముందుకు చూసే బిడ్డకు ఒళ్ళు పట్టీలతో ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది, ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి చూసే బిడ్డకు అదే దెబ్బ వీపు, తల, మెడ మొత్తానికి సీటు వెన్ను మీద పరుచుకుంటుంది. అందుకని వయసు రాకుండా ముందుకి తిరగనివ్వని అడ్డు మీట ఉన్న మోడలే తీసుకోవాలి. ఐ-స్పిన్ 360లో అలాంటిది ఉంది. 15 నెలలు నిండిన రోజే తిప్పాలని రూలేమీ లేదు, ఐ-స్పిన్‌లో 105 సెంటీమీటర్ల వరకు వెనక్కే కూర్చోబెట్టొచ్చు. కాళ్ళు మడిచి కూర్చుంటున్నాడని పెద్దవాళ్ళు జాలిపడతారు. పిల్లలకు బాసింపట్టు అలవాటే.

మన దగ్గర ఆన్‌లైన్‌లో కనిపించే "పుట్టుక నుంచి 12 ఏళ్ళు, 360 డిగ్రీలు" రకం సీట్లలో చాలా వాటి మీద ఆర్129 కన్నా పాతదైన ఆర్44 నిబంధన నారింజ రంగు చీటీ ఉంటుంది. దాన్లో లెక్క బరువుతో, 9 కిలోలు రాగానే ముందుకి తిప్పొచ్చు. తొమ్మిది, పది నెలలకే 9 కిలోలు తూగే పిల్లలున్నారు. యూరోపియన్ యూనియన్‌లో ఈ ఆర్44 సీట్ల అమ్మకం 2024 సెప్టెంబరుతో ఆగిపోయింది. ఆర్44 సీటు కొనక తప్పకపోతే కొనండి, కానీ ముందుకి తిప్పే రోజు మాత్రం ఆర్129 చెప్పినట్టే, 15 నెలల తర్వాతే. నాలుగేళ్ళు దాటాక వాడటానికి అదే సీటు బూస్టర్‌గా (కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టేది) మారుతుందన్న ప్రచారానికి పెద్దగా విలువివ్వక్కర్లేదు. అప్పటికి విడిగా ఓ మంచి వెన్నున్న బూస్టర్ కొనడమే మేలు.

కారులో సరిపోతుందా అన్నదే అసలు పరీక్ష. ఐసోఫిక్స్ అంటే సీటు మడత సందులో 28 సెంటీమీటర్ల ఎడంతో ఉండే రెండు 6 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీలు. మన కార్లలో ఇవి సాధారణంగా వెనక సీటు రెండు పక్కలా ఉంటాయి, మధ్యలో ఉండవు. కారు మాన్యువల్‌లో పిల్లల సీట్ల పట్టిక తీయండి. ఆర్1, ఆర్2, ఆర్2ఎక్స్, ఆర్3 అని ఉండేవి వెనక్కి చూసే సీట్లకు కావలసిన జాగా కొలతలు. ఆర్129లోనే భాగమైన ఐ-సైజ్ గుర్తున్న సీటు ఆర్2 కొలతలో పడుతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో బిడ్డ సీటు పట్టినా దాని ముందున్న సీటు బాగా ముందుకి జరపాల్సి వస్తుంది. ఆరడుగుల మనిషి నడిపే కారైతే డ్రైవర్ వెనక పెట్టకండి, ఎడమ పక్కన పెట్టండి. మనకు ఫుట్‌పాత్ వైపు తలుపు కూడా అదే. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుండగా వెనక్కి చూసే సీటు పెట్టడం ప్రాణాంతకం, ఆ ఊసే వద్దు.

ఇంకో పని కూడా చేయొచ్చు. కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే, 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్‌ పరీక్షలో పిల్లల భద్రతకు 49 మార్కులు, అందులో 12 కేవలం పిల్లల సీట్లు ఆ కారులో సరిగ్గా బిగుస్తాయా లేదా అన్నదానికే. కారు కొనేవాళ్ళు నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకుండా ఆ 12లో ఎన్ని వచ్చాయో చూస్తే చాలా సంగతి తెలుస్తుంది.

తర్వాత సపోర్ట్ లెగ్, అంటే బేస్ ముందు నుంచి కారు నేల మీదకి దిగే కాలు. గుద్దుకున్నప్పుడు సీటు ముందుకి ఒరగకుండా ఆపేది ఇదే. కొన్ని కార్లలో ఆ చోట నేల కింద సామాను అర ఉంటుంది. దాని మూత ఆ బరువును ఆపలేదు. మాన్యువల్ ఒప్పుకుంటేనే, కంపెనీ ఇచ్చే దిమ్మ నింపితేనే అక్కడ కాలు దించాలి. మన ఊళ్ళలో ఇంకో తంటా, కారు కొన్న రోజే వేయించే 7డి మ్యాట్లు, అంటే నేలంతా కప్పే మందపాటి మ్యాట్లు. వాటి కింద బోలుగా ఉంటుంది. కాలు మ్యాట్ మీద ఆనినప్పుడు సరిగ్గా ఆనిందని చెప్పే ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది, వారం తిరిగేసరికి మ్యాట్ అణిగి కాలు వదులవుతుంది. ఆ పక్క మ్యాట్ తీసేసి, అసలు నేల మీద కాలు దించాలి. రెక్సిన్ సీట్ కవర్లదీ అదే కథ: మందపాటి కవరు ఐసోఫిక్స్ కడ్డీలను కప్పేస్తుంది. బలవంతంగా తోస్తే కొక్కెం కవరు బట్టను పట్టుకుని సగమే పడుతుంది. కవరు ఆ చోట కోయించండి, లేదా తీసేయండి.

బిగించే వరస ఇది. ఐసోఫిక్స్ చేతులు రెండూ పూర్తిగా బయటికి లాగండి. కడ్డీలకు ఎదురుగా పెట్టి ఒక్కొక్కటీ "టక్" మనేదాకా తోయండి. రెండు చప్పుళ్ళు వినాలి, రెండు ఆకుపచ్చ గుర్తులు చూడాలి. ఒక చెయ్యే పడి రెండోది పడకపోవడం తరచుగా జరిగే తప్పు. ఆ తర్వాత బేసును మోకాలితో సీటు వెన్ను వైపు నొక్కుతూ చేతులను లోపలికి జరపండి. ఇప్పుడు కాలు దించండి. నేలకు ఆనగానే ఆగిపోవాలి. మరీ పొడుగు లాగితే బేస్ ముందు అంచు సీటు మీద నుంచి లేస్తుంది, అది తప్పు. చివరగా బేసును అటూ ఇటూ గట్టిగా లాగి చూడండి, కదలిక అంగుళం దాటకూడదు. సీటు వెనక్కి తిప్పి లాక్ పడ్డాక కూడా ఇలాగే ఒకసారి కుదపండి. తలుపు వైపు తిరిగి ఉన్న సీటుతో కారు ఒక్క గజం కూడా కదలకూడదు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అయినా సరే.

అమెరికాలో లెక్కే వేరు. అక్కడ ఈవెన్‌ఫ్లో రివాల్వ్ 360 లాంటి సీట్లకు సపోర్ట్ లెగ్ ఉండదు. ల్యాచ్ (ఐసోఫిక్స్‌కి అక్కడి రూపం) పట్టీతోనో, సీట్ బెల్టుతోనో బేస్ కట్టి, సీటును కారుకు బిగించే టెథర్ అనే మరో పట్టీ తగిలిస్తారు. ల్యాచ్ మీద సీటు, బిడ్డ కలిపి పరిమితి 65 పౌండ్లు. సీటు ముప్ఫై పౌండ్ల దాకా ఉంటుంది గనుక బిడ్డ 35 పౌండ్ల దగ్గరికి రాగానే ల్యాచ్ తీసి సీట్ బెల్టుతో కట్టాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళు ఈ మార్పు మర్చిపోతే సీటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే ఇబ్బంది. ఆ సీటును ఇండియాకు తెచ్చుకునేవాళ్ళకి మరో ముడి ఉంది. అమెరికా కార్లలో వెనక బెల్టు మొత్తం బయటికి లాగితే లాక్ మోడ్‌లోకి వెళ్ళి బిగుసుకుంటుంది. మన కార్లలో చాలా వాటికి ఆ సదుపాయం లేదు, కుదుపు వస్తేనే బెల్టు ఆగుతుంది, మామూలప్పుడు జారుతూనే ఉంటుంది. బేసులోనే బెల్టును నొక్కిపట్టే మూత ఉంటేనే తెచ్చుకోవడంలో అర్థం ఉంది. సూట్‌కేసులో 14 కిలోలు దానికే పోతాయని కూడా గుర్తుంచుకోండి.

తిరిగే భాగం మొరాయించడానికి కారణం చాలావరకు తిండి. జంతికల పొడి, మరమరాలు, బిస్కెట్ తునకలు గాడిలో చేరి గట్టిపడతాయి. సీటు ఊడేదైతే ఊడదీసి, వ్యాక్యూమ్‌తో లాగి, పొడి బ్రష్‌తో గీకండి. తలుపు బందుకు వేసినట్టు కొబ్బరినూనె, గ్రీజు వేయకండి. దుమ్ము అంటుకుని ఇంకా బిగుస్తుంది, ప్లాస్టిక్ కూడా పాడవుతుంది. తిరగకపోతే ముందు వాలు చూడండి. చాలా మోడళ్ళలో వెనక్కి వాల్చి ఉన్నప్పుడు సీటు తిరగదు, ఒక నిర్దిష్టమైన వాలులోకి తేవాలి. రెండేళ్ళ పిల్లల కాళ్ళు తిప్పేటప్పుడు తలుపు చట్రానికి తగులుతాయి, పాదాలు చేత్తో పట్టుకుని తిప్పాలి. పట్టీలను మెషీన్‌లో వేయకూడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

రోజూ ఒకే కారులో తిరిగే ఇంటికి, ఒకే సీటుతో సరిపెట్టుకోవాలనుకుంటే, ఆర్129 ముద్రతో వచ్చే ఐ-స్పిన్ లాంటిది డబ్బుకు తగిన వస్తువు. పుట్టబోయే బిడ్డ కోసం కొంటూ, అత్తారింటికీ పుట్టింటికీ మధ్య వేర్వేరు కార్లలో తిరుగుతారనుకుంటే వేరు బేస్ జంట మేలు, ఖర్చు ఎక్కువైనా. ఓలా, ఉబర్ల మీదే ఆధారపడేవాళ్ళకి ఏ తిరిగే బేసూ వద్దు. బెల్టుతో కట్టే తేలికపాటి సీటు తీసుకోండి. 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది, క్యాబ్ అయినా అంతే.

కొన్నాక రోజూ చేసే తనిఖీ ఒక్కటే. పట్టీ బిగించాక భుజం దగ్గర దాన్ని రెండు వేళ్ళతో చిటికెలా పట్టి మడవబోయి చూడండి. మడత పడితే ఇంకా వదులే, మరోసారి లాగాలి. వెనక్కి చూసే బిడ్డకు పట్టీ భుజం ఎత్తులోనో కాస్త కిందనో బయటికి రావాలి. ముందుకి చూసేవాళ్ళకి భుజం ఎత్తులోనో కాస్త పైనో. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండకు నిలిపిన కారైతే, బిడ్డను కూర్చోబెట్టే ముందు బకిల్ ఇనుము మీద మీ మణికట్టు ఆనించి చూడండి. పట్టీల మీద తెల్లటి పంచె ముక్క కప్పి కారు దిగితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.