తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఉన్న ఫస్ట్ ఎయిడ్ బాక్స్: ఏది అక్కరకొచ్చింది, ఏది రాలేదు

తొమ్మిదేళ్ల క్రితం, పెద్దవాడు అడుగులు వేయడం మొదలుపెట్టగానే రెడీమేడ్ ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఒకటి కొన్నాం. ఆకుపచ్చ జిప్పు సంచీ, దాని మీద తెల్ల ప్లస్ గుర్తు. ‘వంద వస్తువులు’ అని అట్ట మీద పెద్దక్షరాలతో రాసుంది. ఆ వంద చూసే కొన్నాం. ఇక ఏం జరిగినా ఫర్వాలేదన్న ధీమాతో తెచ్చి బాత్రూమ్ అలమరలో పెట్టేశాం. ఆనాటి వందలో ఈరోజుకీ వాడుకలో ఉన్నది ముక్కోణపు గుడ్డ ఒక్కటే. మిగతావన్నీ మార్చాం, చివరికి సంచీతో సహా. ఎందుకు మార్చాల్సి వచ్చిందో, కొత్తగా కొనేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

రెండేళ్ల దాకా దాన్ని తెరిచే పని పడలేదు. ఒకరోజు రాత్రి అమ్మ గాజు గ్లాసు కడుగుతుంటే అది చేతిలోనే పగిలింది. బొటనవేలి కింద కండ ఉండే చోట లోతుగా తెగింది. రక్తం మోచేతి దాకా కారుతోంది. సంచీ తెచ్చి జిప్పు లాగాను. ముందుగా చేతికొచ్చినవి చిన్న ప్లాస్టర్లు. తీసేకొద్దీ అవే. సేఫ్టీ పిన్నులను కూడా ఒక్కొక్కటిగా లెక్కేసి వంద చేశారని అప్పుడు అర్థమైంది. గాజ్ గుడ్డ (గాయం మీద పెట్టే పలచటి గుడ్డ) ముక్కలు రెండే ఉన్నాయి, అవి కూడా అగ్గిపెట్టెకు కాస్త పెద్దవి. గ్లౌజులు రెండూ ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీయబోతే బొటనవేలి దగ్గర చిరిగాయి. టేపు కొస ఎక్కడుందో గోటితో వెతికి పట్టుకుని లాగితే సన్నటి పీలికలా ఊడి వచ్చింది, జిగురంతా చుట్టకే ఉండిపోయింది. ఆఖరికి ఉతికిన తువ్వాలు మడిచి గాయం మీద పెట్టి గట్టిగా అదిమి పట్టుకున్నాను. మా ఆయన గడియారం చూస్తూ పది నిమిషాలు లెక్కపెట్టారు. మధ్యలో ఆగిందో లేదో చూద్దామని చెయ్యి తీస్తే అప్పుడప్పుడే గడ్డ కడుతున్న రక్తం మళ్లీ మొదటికొస్తుంది. గుడ్డ తడిసిపోతే దాన్ని పీకకుండా మీద ఇంకోటి వేసి నొక్కాలి. ఆ రాత్రి అమ్మకు కుట్లు పడ్డాయి, చెయ్యి బాగానే ఉంది. కానీ ఆ పది నిమిషాలూ నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు సంచీని టేబుల్ మీద బోర్లించాం. మా అసలు బాక్స్ మొదలైంది ఆ రోజే అనుకోవాలి.

మొదట పెంచింది గాజ్ గుడ్డ. పది సెంటీమీటర్ల చదరపు ముక్కలు, దేనికది విడిగా సీలు చేసినవి, ఎప్పుడూ పదికి తగ్గకుండా ఉంచుతాం. చుట్టి కట్టడానికి గాజ్ చుట్టలు మూడు. దూదిని గాయాల పని నుంచి పూర్తిగా తప్పించాం, దాని నూలు పోగులు గాయానికి అంటుకుని ఓ పట్టాన ఊడవు. ప్లాస్టర్లు మాత్రం వద్దనను. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా ఖర్చయ్యేవి అవే. 1920లో జాన్సన్ అండ్ జాన్సన్ ఉద్యోగి ఎర్ల్ డిక్సన్ బ్యాండ్ ఎయిడ్‌ను తయారుచేసిందే వంటింట్లో తన భార్య చేతికయ్యే చిన్న చిన్న కోతల కోసం. అది పుట్టింది ఆ పనికే, అందులో దానికి సాటి లేదు. అరవై ప్లాస్టర్లు పెట్టి రెండు గాజ్ ముక్కలతో సరిపెట్టడమే తప్పు.

టేపు విషయంలో మూడు రకాలు వాడి చూసి కాగితం టేపు దగ్గర ఆగాను. పెద్దవాళ్ల పలచటి చర్మాన్ని లాగకుండా ఊడుతుంది, చేత్తోనే తెగుతుంది. వేడికి జిగురు పాడవుతుంది కాబట్టి వాడినా వాడకపోయినా ఏడాదికోసారి కొత్త చుట్ట పెడతాను. వాడిన ప్రతిసారీ కొసను లోపలికి చిన్నగా మడిచి పెడితే మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. గ్లౌజులు లేటెక్స్‌వి (సహజ రబ్బరువి) మానేసి నైట్రైల్‌వి (కృత్రిమ రబ్బరువి) తెచ్చాం, ఇంట్లో అందరికంటే పెద్ద చెయ్యి ఎవరిదో ఆ సైజులో. కొందరికి లేటెక్స్ పడదు కూడా. పాత కత్తెర గాజ్ గుడ్డను కొయ్యకుండా నమిలేది. దాని బదులు మొన మొద్దుగా, కాస్త వంపుగా ఉండే బ్యాండేజీ కత్తెర కొన్నాం. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన వస్తువు అదే. బట్టల మీంచి కోస్తున్నా చర్మానికి గుచ్చుకోదు.

ఇక ఆ ముక్కోణపు గుడ్డ. ఎందుకిచ్చారో కూడా తెలియక రెండేళ్లు అడుగున పడేసి ఉంచాం. పెద్దవాడు సైకిల్ మీంచి పడి మణికట్టు వాచినప్పుడు, డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు చెయ్యి కదలకుండా మెడకు వేలాడదీసి కట్టడానికి అదే ఆదుకుంది. ఉతికితే మళ్లీ కొత్తదే. బెణుకులకు చుట్టే సాగే కట్టు, అదే క్రేప్ బ్యాండేజీకి అంత ఆయుష్షు లేదు. నాలుగైదు ఉతుకులకు సాగిపోయి బిగువు తగ్గుతుంది, అప్పుడిక మార్చాల్సిందే. చీలమండ బెణికితే కాలివేళ్ల వైపు నుంచి పైకి, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా చుట్టాలి. చుట్టాక వేలి గోరు నొక్కి వదిలి చూస్తాను. తెల్లబడ్డ గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడకపోతే కట్టు బిగిసిందన్నమాట, విప్పి వదులుగా కడతాను.

కాలిన గాయాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చిన్నదానికి నాలుగేళ్లప్పుడు వేడినీళ్లు ఒలికి ముంజేయి కాలింది. మా ఆయన పరుగున సంచీ తెచ్చి బర్న్ క్రీము ప్యాకెట్ చించబోతున్నారు. నేను పిల్లను ఎత్తుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాను. అంతకు కొన్ని నెలల ముందు ఫస్ట్ ఎయిడ్ క్లాసుకు వెళ్లొచ్చాను కాబట్టే ఆ పని తట్టింది. చేతికున్న గాజు, వేలి ఉంగరం వాపు రాకముందే తీసేసి, కుళాయి నీళ్ల ధార కింద ఇరవై నిమిషాలు చెయ్యి పట్టుకున్నాను. ఇరవై నిమిషాలంటే ఏడుస్తున్న పిల్లతో చాలా ఎక్కువసేపు. ఐదు నిమిషాలకే చాల్లే అనిపిస్తుంది. చాలదు. పైన చర్మం చల్లబడినా లోపల వేడి ఇంకా కాలుస్తూనే ఉంటుంది. నీళ్లు ఆలస్యంగా అందినా మూడు గంటల లోపైతే ప్రయోజనం ఉంటుంది. ఐస్ పెడితే చర్మానికి ఇంకో దెబ్బ. టూత్‌పేస్టూ నూనే రాస్తే వేడి లోపలే చిక్కుకుంటుంది, తర్వాత డాక్టర్ అదంతా గోకి తీయాలి. చల్లబడ్డాక వంటింట్లో వాడే పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కను గాయం మీద పరిచాం, చుట్టూ బిగించలేదు. అది గాయానికి అంటుకోదు, పైగా విప్పకుండానే డాక్టర్‌కి లోపల ఎలా ఉందో కనబడుతుంది. బొబ్బల్ని చిదమలేదు. ఇప్పుడు చేతి మీద మచ్చ కూడా లేదు. ఆ రోజు నుంచి బాక్సులో బర్న్ క్రీము తీసేసి ఫిల్మ్ చుట్ట పెట్టాం.

హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అలాగే వెళ్లిపోయింది. గాయం మీద పోస్తే వచ్చే నురగ చూసి మురికంతా పోతోందని ఏళ్ల తరబడి నమ్మాను. నిజానికి అది మానుతున్న కణాలను కూడా దెబ్బతీస్తుంది. మోకాలు గీసుకుపోతే శుభ్రమైన నీళ్ల ధారతో బాగా కడగడమే అన్నిటికంటే మంచి పని. తర్వాత కావాలంటే క్రిములను చంపే పోవిడోన్ అయోడిన్ మందు. థైరాయిడ్ జబ్బున్నవాళ్లు, గర్భిణులు దాన్ని డాక్టర్‌ని అడిగి వాడాలి.

మందుల దగ్గరికొస్తే, రెడీమేడ్ బాక్సులో నాకు కనబడిన అసలు లోపం చెప్పాలి. అందులో మాత్రలూ కట్లూ ఒకే సంచీలో ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో మాత్రలు పిల్లలకు అందకూడదు. అందుకని సంచీ మొత్తం ఎత్తున పెడతాం. అప్పుడు గాజ్ గుడ్డ కూడా ఎత్తునే ఉంటుంది. మూడేళ్ల కిందట నేను బయటికెళ్లిన సమయంలో అమ్మకు ముక్కు నుంచి రక్తం కారింది. ఇంట్లో పెద్దవాడొక్కడే ఉన్నాడు, వాడికప్పుడు ఏడేళ్లు. అలమర పై అర అందక స్టూలు వేసుకుని ఎక్కబోతే అమ్మే వద్దని ఆపింది. నేనొచ్చేసరికి ఆవిడ తల వెనక్కి వాల్చి కూర్చుని రక్తం మింగుతోంది. తల ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా పట్టుకుంటే సరిపోయేది. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు, గుడ్డ ముక్క కూడా వాడికి అందలేదు.

ఆ వారమే బాక్సును రెండు చేశాం. కట్లు, టేపు, గ్లౌజులు, కత్తెర ఉన్నది హాల్లో గుమ్మం పక్కన, పెద్దవాడి భుజం ఎత్తులో ఉంటుంది. అది ఎక్కడుందో, ఎలా తెరవాలో ఇంట్లో అందరికీ తెలుసు. మందుల డబ్బా మా గదిలో తాళం వేసిన అలమరలో ఉంటుంది. బాత్రూమ్ తేమకు ప్యాకెట్ల సీళ్లు వదులవుతాయి, పొయ్యి పైన అలమరలో వేడికి మందులు పాడవుతాయి. కాబట్టి ఆ రెండు చోట్లూ వద్దు.

మందులు తక్కువే పెట్టుకున్నాం. పెద్దవాళ్లకు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు. రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లో చాలావాటిలో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే తెలియకుండానే మోతాదు పెరుగుతుంది. పిల్లల సిరప్ విషయంలో మేం ప్రమాదం అంచుదాకా వెళ్లొచ్చాం. ఇంట్లో రెండు సీసాలున్నాయి. ఒకదానిలో ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు, ఇంకోదానిలో 250. రంగూ పరిమాణమూ ఒకటే. జ్వరం వచ్చిన రాత్రి మా ఆయన రెండోది తీసుకుని మొదటిదాని కొలత పొయ్యబోయారు. అప్పటి నుంచి ఇంట్లో ఒకే బలం సిరప్ ఉంటుంది. డాక్టర్ చెప్పిన మోతాదు, ఆ రోజు పిల్లల బరువు సీసా మీద మార్కర్‌తో రాస్తాం. పిల్లలకు ఒక్కో మోతాదుకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క, బరువు పెరిగేకొద్దీ మారుతుంది. ఆస్పిరిన్ పిల్లలకు అసలు ఇవ్వకూడదు, రేయీ సిండ్రోమ్ అనే ప్రాణాంతకమైన జబ్బుకు అది దారితీయగలదు.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు నాలుగు. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని సరిగ్గా ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో అందాజుగా కొంచెం కొంచెం వేస్తే ఉప్పు ఎక్కువై మేలు చేయాల్సింది కీడు చేస్తుంది. అందుకే లీటరు సీసా ఒకటి గీత పెట్టి డబ్బాతోపాటే ఉంచాం. కలిపింది 24 గంటలు దాటితే పారబోస్తాం. థర్మామీటర్ డిజిటల్‌ది, పక్కనే విడి బ్యాటరీ. పాదరసం థర్మామీటర్ ఎవరింట్లోనైనా ఉంటే మార్చేయండి, పగిలితే ఆ పూసల్ని ఏరి శుభ్రం చేయడం చాలా కష్టం. టార్చ్‌లో బ్యాటరీలు వేసి వదిలేస్తే కారి పాడుచేస్తాయి. మా మొదటి టార్చ్ అలాగే పోయింది, ఇప్పుడు బ్యాటరీలు టార్చ్‌కు రబ్బరు బ్యాండుతో కట్టి ఉంటాయి.

రక్తం ఆపడానికి బిగించే పట్టీ, టూర్నికే కూడా కొన్నాం, ఇంతవరకూ దాని అవసరం రాలేదు. చేతికో కాలికో తగిలిన గాయం నుంచి ఎంత అదిమినా రక్తం ఆగనప్పుడు, గాయానికి ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా బిగించి, బిగించిన టైమ్ రాసిపెట్టాలి. నేర్చుకోకుండా కొనొద్దు. ఆ మాటకొస్తే నేను వెళ్లిన ఒక్కరోజు క్లాసు ఈ బాక్సుల్లోని అన్ని వస్తువులకంటే ఎక్కువ విలువైనది. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతుగా నొక్కాలని చదివితే తెలుస్తుంది. ఎంత బలంగా నొక్కాలో బొమ్మ మీద చేతులు పెట్టి నొక్కితేనే తెలిసింది.

ఖర్చు లేని వస్తువు ఒకటుంది. హాల్లో బాక్సు మూత లోపల అతికించిన కాగితం. ఇంట్లో ఒక్కొక్కరికీ పడని మందులు, రోజూ వేసుకునే మందులు, చివరి టెటనస్ ఇంజెక్షన్ తేదీ, అంబులెన్స్ నంబర్. అమ్మకు కుట్లు వేసిన రాత్రి వాళ్లు అడిగిన మొదటి ప్రశ్నల్లో టెటనస్ ఒకటి, మాకెవ్వరికీ గుర్తు లేదు. మామూలుగా పదేళ్లకోసారి బూస్టర్. గాయం మురికిదైతే ఐదేళ్లు దాటినా వేయమంటారు.

రెడీమేడ్ బాక్స్ మళ్లీ కొంటారా అని అడిగితే, ఇంటికోసం కొనను. విడివిడిగా కొంటే తక్కువ వస్తువులతో ఎక్కువ పని జరుగుతుంది. కారులో పెట్టుకోవడానికి మాత్రం ఒకటి కొని, సగం ప్లాస్టర్లు తీసేసి ఆ ఖాళీలో గాజ్ ముక్కలు నింపాను.

మా పిల్లల పుట్టినరోజులకు మధ్య ఇంచుమించు ఆరు నెలల తేడా. ఆ రెండు రోజులూ రెండు బాక్సులూ టేబుల్ మీద పరిచి తేదీలు చూస్తాం. మధ్యలో ఏది వాడితే అది కాగితం కింద చీటీ మీద రాయడం పెద్దవాడి పని, వాడికిప్పుడు పదేళ్లు. ఈ పూట చూస్తే చీటీలో రెండు పేర్లున్నాయి: గాజ్ చుట్ట, కాగితం టేపు. కింద చిన్నది పెన్సిల్‌తో ‘బొమ్మలున్న ప్లాస్టర్లు’ అని చేర్చింది. రేపు మూడూ తెస్తాను.