ఐదు చలికాలాలు, మూడు ట్యూబులు: గడప దాటకుండా తీసిన ఫొటోల సమీక్ష

కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో కాపురం పెట్టి తొమ్మిదేళ్లు దాటినా ఇక్కడి చలి నాకు ఇంకా ఒంటబట్టలేదు. విజయనగరం దగ్గరి పల్లెలో పుట్టి పెరిగినదాన్ని. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో డిసెంబరు వచ్చిందంటే పొద్దు బాగా ఎక్కేదాకా శాలువా తీయను. ఫొటోలు తీసే పరిచయస్తులందరూ ఆ రోజుల్లో చీకటితోనే దేవమాలి కొండకు బయలుదేరతారు. 1672 మీటర్ల ఎత్తుతో అది ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, అక్కడి మంచు ముసుగులో సూర్యోదయం చూడదగ్గదే. ఒక్కసారి నేనూ వెళ్లాను. షట్టర్ మీద వేలు పెట్టానో లేదో నాకే తెలియనంతగా చేతులు కొయ్యబారిపోయాయి, నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ గంట తిరగకుండానే ఎర్ర గుర్తు చూపించింది. లిథియం అయాన్ బ్యాటరీలో రసాయన చర్య చలికి మందగిస్తుందని, జేబులో వెచ్చగా పెట్టుకుంటే మళ్లీ కొంత కోలుకుంటుందని ఆ తరువాత తెలిసింది. ఇంట్లోనే కూర్చుని దగ్గరి ఫొటోలు తీసుకుందామని, ఇంటికి వచ్చిన వారంలోనే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తెప్పించుకున్నాను. ఐదు చలికాలాలు వాటితోనే గడిచాయి కనుక వాటి మంచిచెడ్డలు చెప్పే హక్కు వచ్చిందనుకుంటున్నాను.

ట్యూబు అంటే కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే బోలు గొట్టం, అంతే. లోపల అద్దం ఉండదు. లెన్సు సెన్సరుకు (కెమెరాలో బొమ్మ పడే పలకకు) దూరం జరగడం వల్ల మామూలుగా పట్టనంత దగ్గరి వస్తువులు కూడా స్పష్టంగా పడతాయి. నా సెట్టులో 12, 20, 36 మిల్లీమీటర్లవి మూడున్నాయి. వీటిని విడివిడిగానో కలిపో నా దగ్గరున్న 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సుకు తగిలిస్తాను. లెక్క తేలిక: ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (నా లెన్సుకు 50 మి.మీ.) భాగిస్తే అది కలిపే పరిమాణం వస్తుంది. 36, 12 కలిపితే 48. దాన్ని 50తో భాగిస్తే దాదాపు ఒకటి, అంటే వస్తువు ఎంత ఉందో సెన్సరు మీద అంతే పడుతుంది. ఈ పనికి దగ్గరి ఫొటోల కోసమే చేసే మాక్రో లెన్సు కొనాలంటే అయ్యే ఖర్చులో చిన్న భాగంతో నాకు ఇది అమరింది.

మొదటి సెట్టు మాత్రం డబ్బు దండగ. అందులో విద్యుత్ కాంటాక్టులు లేకపోవడంతో లెన్సులో వెలుగు దూరే రంధ్రాన్ని, అంటే ఎపర్చరును, కెమెరా మార్చలేకపోయేది, ప్రతి ఫొటోలోనూ గీతంత చోటు తప్ప మిగతాదంతా మసక. దానికి తోడు ప్లాస్టిక్ బిగింపు రెండో నెలకే వదులై, లెన్సు బరువుకు కిందికి వంగేది. రెండో సెట్టు కాంటాక్టులూ లోహపు బిగింపూ ఉన్నది తీసుకున్నాను, అదే ఇప్పటికీ పనిచేస్తోంది. దానిలోనూ ఒక లోపముంది: గొట్టం లోపలి గోడ నిగనిగలాడుతూ ఉండడం వల్ల కిటికీకి ఎదురుగా తీసినప్పుడు ఫొటో మీద తెల్లటి పొర కమ్మినట్టుండేది. నల్ల వెల్వెట్ గుడ్డ ముక్కను కొలతకు కత్తిరించి లోపల అంటించాక ఆ పొర పోయింది. కొన్నవాళ్లు మొదటి రోజే ఈ పని చేసుకోవడం మంచిది.

చలికాలం ఇంట్లో ఫొటోలకు ఎంత అనువైనదో ఈ ట్యూబులు వచ్చేదాకా నాకు తెలియదు. ఎండాకాలంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు, కాబట్టి కిటికీలోంచి ఎండ గడప దగ్గరే ఆగిపోతుంది. డిసెంబరు చివర ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మా దక్షిణపు కిటికీ ఎండ గది సగందాకా పాకి, బల్ల మీదికి ఏటవాలుగా పడుతుంది. ఆ కిటికీకి మామగారి పాత పంచె ఒకటి అడ్డంగా కడతాను. గట్టి ఎండ దానిలోంచి వడకట్టినట్టు దిగుతుంది, ఎదురు వైపు థర్మోకోల్ పలక నిలబెడితే నీడలు మెత్తబడతాయి. పదకొండు నుంచి రెండు వరకు ఈ వెలుగుకు నేను దేన్నీ సాటి చెప్పను. మరో సంగతి: చలికాలంలో ఫ్యాను వేయం. ఎండాకాలంలో రెక్కల గాలికి పువ్వు వణికిపోయి ఎన్ని ఫొటోలు పాడయ్యాయో లెక్కలేదు.

ఈ కొండల్లో చలికాలమంటే నూనెగింజల పంట వలిసె పూల కాలం. పసుపు పరిచినట్టున్న పొలాల్లో నిలబడి ఫొటోలు దిగేవాళ్లు ఎందరో ఉన్నారు కానీ నేను సంత నుంచి వచ్చే కూరగాయలావిడను అడిగి నాలుగు కొమ్మలు తెప్పించుకుని గ్లాసులో పెట్టుకుంటాను. 20 మి.మీ. ట్యూబుతో పువ్వు మొత్తం చట్రంలో పడుతుంది: చుట్టూ ఎనిమిది దాకా పసుపు రేకలు, ఒక్కొక్క రేక చివర మూడు చిన్న పళ్లు. 36, 12 కలిపి నడిమి దిండును చూస్తే వేరే లోకం. మనం ఒక్క పువ్వు అనుకునేది నిజానికి చిన్న పువ్వుల గుంపు. అవి అంచు నుంచి నడిమికి వరుసవారీగా విచ్చుకుంటాయి. మొదటి రోజు అంచు వరుసలో బుల్లి నక్షత్రాలు విప్పారి పుప్పొడి చిమ్ముతుంటే, మధ్యలోవి ఇంకా పచ్చటి మొగ్గలుగానే ఉంటాయి. మూడు రోజులు ఒకే గ్లాసును ఒకే చోట ఉంచి తీసిన ఫొటోల వరుస ఈ ఐదేళ్లలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని, దానికి నేను గడప కూడా దాటలేదు.

మిగతావన్నీ వంటింటి సరుకే. చోళ్లు (రాగులు) దోసెడు పోసి తీస్తుంటే మా అత్తగారు, "ఏటమ్మా, చోళ్లకి కూడా ఫొటోలేటి?" అని నవ్వారు. చట్రంలో వరుసగా పదిహేను గింజల దాకా పట్టాయి, ఒక్కొక్కటీ మట్టి రంగు గరుకు గుండులా కనిపించేసరికి ఆవిడే కళ్లజోడు తెచ్చుకుని చూశారు. మా జిల్లాలోనే నేసే కోట్‌పాడ్ చీర మీద కూడా ట్యూబు పెట్టి చూడవలసిందే. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ నేతలో ఎరుపు తొగరు వేరు నుంచి వస్తుంది, అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపితే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. దూరానికి ఒకే రంగుగా అనిపించే అంచులో దారం దారానికీ ఉన్న చాయల తేడా దగ్గరికి వెళితేనే తెలుస్తుంది. మిల్లు గుడ్డను పక్కన పెట్టి తీస్తే అది ఎంత బోసిగా కనిపిస్తుందో చూపడానికి మాటలు అక్కరలేదు.

కాఫీ పొగకు ట్యూబు అవసరం పెద్దగా లేదు, 12 మి.మీ.ది చాలు. గది చల్లగా ఉంటే ఆవిరి చప్పున నీటి తుంపరగా మారి దట్టంగా కనిపిస్తుంది, అదే మే నెలలో అయితే కప్పు మీద ఏమీ ఉన్నట్టే తోచదు. వెనక నల్ల శాలువా వేసి, వెలుగు వెనక పక్క నుంచి తగిలేలా కప్పును జరిపి, సెకనులో 250వ వంతు వేగంతో తీస్తే పొగ తెరలు తెరలుగా వస్తుంది. రాత్రి పూట ఎల్ఈడీ బల్బు కింద ఈ వేగంతో తీస్తే కొన్ని బల్బులకు ఫొటో మీద అడ్డ చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో అవి సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కదలని వస్తువులకైతే 50వ వంతుకో 100వ వంతుకో దిగితే చారలు పోతాయి.

ఇబ్బందులు తక్కువేమీ కావు. అసలు పరిమాణంలో తీసేటప్పుడు ఎపర్చరును ఎఫ్ 8కి బిగించినా స్పష్టంగా పడే లోతు అర మిల్లీమీటరుకు కొంచెం పైన మాత్రమే. ఎపర్చరు ఇంకా బిగిస్తే లోతు పెరుగుతుంది గానీ వివర్తనం (సన్నని రంధ్రం గుండా వెళ్లే వెలుగు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడిపోతుంది, కనుక కెమెరాను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పదీ పన్నెండు ఫొటోలు తీసి కంప్యూటర్లో కలుపుతాను. ఆటోఫోకస్ ఈ పనికి పనికిరాదు. వెలుగు కూడా సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా వస్తువు లెన్సు ముందు వేలెడు దూరంలో ఉంటుంది కాబట్టి లెన్సు నీడ దాని మీద పడకుండా చూసుకోవడం సగం పని.

మూడో ఏడు జరిగినది మాత్రం నా అజాగ్రత్తే. శాలువా కప్పుకుని ట్యూబులు మార్చడం వల్ల ఉన్ని నూగు సెన్సరు మీద చేరింది, ప్రతి ఫొటోలోనూ ఒకే చోట వెంట్రుకలాంటి గీత. విశాఖలో ఒక దుకాణానికి పంపితే పదకొండు రోజులు ఉంచుకుని, శుభ్రం చేశామని ఇచ్చారు. ఆ గీత పోయి, పక్కన మరొకటి వచ్చింది. అప్పటి నుంచి శాలువా తీసి, వరండా కన్నా దుమ్ము తక్కువుండే పూజగదిలో, కెమెరా మూతిని కిందికి దించి మారుస్తున్నాను. అలాగే చల్లటి వరండాలో ఉంచిన కెమెరాను తిన్నగా పొయ్యి దగ్గరికి తెస్తే అద్దం మీద చెమ్మ పడుతుంది. జిప్పు కవరులో మూసి అరగంట ఉంచితే చెమ్మ కవరు మీదే పడుతుంది, లెన్సు జోలికి రాదు.

పిల్లల ఫొటోలు, పండగ ఫొటోలు కావాలనుకునేవాళ్లకు ఈ ట్యూబులు అక్కరకు రావు. తగిలించిన తరువాత దూరపు వస్తువేదీ ఫోకస్ కాదు. లెన్సు ముందు బిగించే క్లోజప్ ఫిల్టరు వీటికన్నా చౌకే గానీ నేను వాడిన ఒంటి అద్దం రకంలో అంచులకు రంగు గీతలు వచ్చాయి. మూడింటిలో నా కెమెరాకు ఎక్కువ రోజులు అంటిపెట్టుకుని ఉండేది 20 మి.మీ.ది, 36 ఒక్కటే వాడింది ఏడాదికి నాలుగైదుసార్లు మించదు. విడిగా దొరికే పక్షంలో 20 ఒక్కటి కొని, ఒక చలికాలం గడిపాక మిగతావాటి సంగతి చూసుకోవచ్చు. అయితే కాంటాక్టులున్నదే కొనండి, వెల్వెట్ ముక్క మరచిపోకండి.