లీటరుకి రెండు కిలోమీటర్లు: పోర్షే 956 వెంట స్టుట్‌గార్ట్ నుంచి లె మాన్ దాకా

జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని పోర్షే మ్యూజియంలో ఒక 956 రేసు కారును తలకిందులుగా బిగించి పెట్టారు. గంటకి 321 కిలోమీటర్లు దాటితే గాలి ఈ కారును రోడ్డుకేసి నొక్కే బలం కారు బరువుకి సమానమైపోతుందట. అంటే లెక్క ప్రకారం సీలింగు మీద కూడా పరిగెత్తగలదని వాళ్ల ధీమా. నాతో వచ్చిన మా బావమరిది స్టుట్‌గార్ట్‌లోనే ఇంజినీరు. "పబ్లిసిటీ బావా ఇదంతా" అని కొట్టిపారేశాడు. నాకు మాత్రం టికెట్ డబ్బులు అక్కడే గిట్టుబాటయ్యాయి. ఈ కారు పనితనమంతా అడుగునే ఉంది. మామూలుగా నిలబెట్టి ఉంటే దాన్ని చూడటానికి నేలమీద పడుకోవాలి, అందుకు గార్డు ఒప్పుకోడు.

కింద వెనకవైపు రెండు పెద్ద సొరంగాల్లాంటి దారులు ఉంటాయి. కారుకీ రోడ్డుకీ మధ్య ఇరుక్కున్న గాలి వేగంగా పరిగెడుతుంది, వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, దాంతో కారు రోడ్డుకి అతుక్కుపోతుంది. ఫార్ములా వన్ వాళ్లు అప్పటికే వాడుతున్న కిటుకే. పోర్షేకి వచ్చిన చిక్కల్లా వాళ్ల ఫ్లాట్ సిక్స్ ఇంజిన్. ఆరు సిలిండర్లు అటు మూడు ఇటు మూడు పడుకుని ఉంటాయి కాబట్టి అది బాగా వెడల్పు, సరిగ్గా ఆ సొరంగాలకు అడ్డం. పోర్షే రేసు ఇంజినీరు నార్బర్ట్ సింగర్ బృందం ఇంజిన్ మార్చే ఆలోచన పెట్టుకోలేదు. ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపి వెనకవైపు కాస్త పైకి వాలుగా బిగించి గాలికి దారి ఇచ్చింది. ఆ వాలు అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది, పుస్తకంలో ఫొటో చూస్తే తెలియదు.

ఇంజిన్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 2.65 లీటర్ల ఈ ట్విన్ టర్బో ఇంజిన్ ముందు అమెరికాలో ఇండియానాపోలిస్ రేసు కోసం తయారైంది. 1980లో అక్కడివాళ్లు టర్బో ఒత్తిడి మీద నిబంధన మార్చడంతో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. వృథాగా పడున్న ఇంజిన్‌ని 1981లో పాత 936 కారులో పెట్టి ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లె మాన్ రేసుకి పంపితే డ్రైవర్లు జాకీ ఇక్స్, డెరెక్ బెల్ గెలిచేశారు. మరుసటి ఏడాది అదే ఇంజిన్, సుమారు 620 హార్స్‌పవర్‌తో, కొత్త 956లోకి వచ్చింది. సిలిండర్లు గాలితో చల్లబడతాయి, పైనున్న హెడ్‌లు నీళ్లతో. ఒక్కో సిలిండర్‌కి నాలుగు వాల్వులు పెట్టేసరికి హెడ్ దగ్గర పుట్టే వేడికి గాలి ఒక్కటే చాలలేదు, అందుకే ఈ సగం సగం ఏర్పాటు. పోర్షే తన రేసు కార్లలో గొట్టాల ఫ్రేము వదిలేసి అల్యూమినియం మోనోకాక్, అంటే రేకుల పెట్టెలాంటి ఒళ్లు, వాడటం కూడా దీంతోనే మొదలు.

మ్యూజియం ఉండే త్సుఫెన్‌హౌజన్‌కి వెళ్లడం చాలా తేలిక. ఎస్6 లోకల్ రైలు ఎక్కితే నోయ్‌విర్ట్స్‌హౌస్ స్టేషన్, బయటికొస్తే ఎదురుగా మ్యూజియం. సోమవారం సెలవు. కింద అంతస్తులో అద్దాల వెనక వర్క్‌షాప్ ఉంది, పాత కార్లకు రిపేర్లు చేస్తుంటే నిలబడి చూడొచ్చు, దానికి టికెట్ కూడా అక్కర్లేదు. ఒక హెచ్చరిక: ఇక్కడి కార్లను అప్పుడప్పుడు బయటికి తీసి నడుపుతుంటారు, ప్రదర్శనలకు పంపుతుంటారు. ఒక ప్రత్యేకమైన కారు కోసమే వెళ్లేవాళ్లు ముందే అడిగి వెళ్లడం నయం. కెఫే బాగుంది గానీ ధరలు కారు ధరలకి తగ్గట్టే ఉన్నాయి.

బస సంగతి. సెంట్రల్ స్టేషన్ దగ్గర దిగితే అన్నీ దగ్గర అనుకుంటాం. స్టుట్‌గార్ట్‌లో మాత్రం స్టేషన్ కొత్తగా కట్టే పని ఏళ్లుగా సాగుతోంది, ప్లాట్‌ఫాం నుంచి రోడ్డు మీదికి రావడానికే పెట్టె ఈడ్చుకుంటూ చాలా దూరం నడవాలి. అదే లైన్‌లో ఉన్న ఫొయర్‌బాఖ్ వైపు గది తీసుకుంటే అద్దె తక్కువ, మ్యూజియం దగ్గర. సెప్టెంబరు చివర్లో కాన్‌స్టాట్ జాతర రోజులు మాత్రం తప్పించండి, ఊరంతా గదుల రేట్లు మండిపోతాయి. శాకాహారులు కేజెష్పెట్‌స్లె అడగండి. చీజ్, వేయించిన ఉల్లిపాయలతో ఇచ్చే మెత్తటి పిండి ముక్కలు అవి. కాస్త కారం ఉంటే మనకి నచ్చేస్తుంది, ఆ కారం మనమే పట్టుకెళ్లాలి.

స్టుట్‌గార్ట్‌లోనే ఉన్న మెర్సిడెస్ మ్యూజియం కట్టడంగా ఇంకా గొప్పది. పై అంతస్తు నుంచి గుండ్రంగా దిగుతూ రావాలి, పిల్లలున్నవాళ్లకి అదే మేలు. 1989లో లె మాన్ గెలిచిన సౌబర్ సి9, అయిదు లీటర్ల వి8కి రెండు టర్బోలు తగిలించిన వెండి రంగు కారు, ఆ కంపెనీ గర్వంగా చెప్పుకునే పేరు. కానీ రేసు కార్లు దూరంగా, వాలు ట్రాక్ మీద అమర్చి ఉంటాయి. చూడ్డానికి బాగుంటుంది, తెలుసుకోవడానికి కాదు.

అక్కడి నుంచి న్యూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాక్ దాదాపు 300 కిలోమీటర్లు, అద్దె కారులో వెళ్లాం. నిజం చెప్పాలంటే స్టుట్‌గార్ట్, ఇది, లె మాన్ మూడింట్లో ఖర్చుకీ శ్రమకీ తక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. రైలు లేదు. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో సాయంత్రం రిసెప్షన్ మూసేసి తాళం ఏదో పెట్టెలో పెట్టామన్నారు, ఆ పెట్టె కోడ్ మాత్రం పంపలేదు. చలిలో బయట నిలబడి ఫోన్లు చేసుకున్నాం. అద్దె కార్ల ఒప్పందాల్లో సాధారణంగా నోర్డ్‌ష్లైఫె అనే అక్కడి పాత పొడవాటి ట్రాక్ మీదికి వెళ్లకూడదని రాసి ఉంటుంది, సంతకం పెట్టే ముందు చదవండి. మేం బ్రున్‌ఖెన్ అనే మలుపు దగ్గర కంచె వెనక నిలబడి చూశాం, అది ఉచితం.

అయినా వెళ్లింది రేసు డ్రైవర్ స్టెఫాన్ బెలోఫ్ కోసం. 1983 మే 28న రేసుకి ముందు జరిగే క్వాలిఫయింగ్‌లో 956తో ఈ 20.8 కిలోమీటర్ల అడవి దారిని 6 నిమిషాల 11.13 సెకన్లలో చుట్టేశాడు. సగటు వేగం గంటకి 200 పైనే. మలుపులు, గుంతలు, ఎత్తుపల్లాలు చూశాక ఆ అంకె నమ్మబుద్ధి కాదు. ఆ రికార్డు 35 ఏళ్లు నిలిచింది. 2018లో టిమో బెర్న్‌హార్డ్ పోర్షే 919తోనే దాన్ని దాటాడు, అదీ ఏ రేసు నిబంధనలకీ కట్టుబడకుండా మార్చిన కారుతో. బెలోఫ్ 1985లో స్పా ట్రాక్ మీద, 956లోనే, ఇక్స్ కారుతో తగులుకుని చనిపోయాడు. ఆ కారులో డ్రైవర్ పాదాలు ముందు చక్రాల ఇరుసు కంటే ముందుకి ఉంటాయి. అమెరికాలోని ఇమ్సా రేసు సిరీస్ వాళ్లు అదే కారణంతో 956ని రానివ్వలేదు. ఇరుసుల మధ్య దూరం పెంచి పోర్షే 962ని తయారు చేసింది అందుకే.

మా నాన్న ఏ కారు చూసినా ముందు అడిగేది మైలేజీ ఎంతని. రేసు కారు విషయంలో అది పిచ్చి ప్రశ్న అనుకునేవాణ్ణి. 956 పరిగెత్తిన గ్రూప్ సి తరగతి రేసుల్లో అసలు ప్రశ్నే అది. 1982లో మొదలైన ఆ నిబంధనల్లో ఇంజిన్ ఎంత పెద్దదైనా పెట్టుకోండి, పెట్రోలు మాత్రం ఇంతే అన్నారు. లె మాన్‌లో 24 గంటలకి 2,600 లీటర్లు. ఆ ఏడాది ఇక్స్, బెల్ 4,899 కిలోమీటర్లు తిరిగారు, మొత్తం వాడేశారనుకున్నా లీటరుకి 1.9 వస్తుంది. 1, 2, 3 నంబర్లు వేసుకున్న మూడు 956లూ అదే వరుసలో గమ్యం చేరాయి. 1983లో మొదటి పదిలో తొమ్మిది 956లే. 1985లో కోటా 2,210 లీటర్లకి తగ్గించారు. గెలిచిన కారు 5,088 కిలోమీటర్లు వెళ్లింది! లీటరుకి 2.3. పెట్రోలు తగ్గింది, దూరం పెరిగింది. గెలిచింది పోర్షే సొంత జట్టు కూడా కాదు, యోస్ట్ అనే ప్రైవేటు జట్టు. 1984లో గెలిచిన అదే బండితో మళ్లీ వచ్చి కంపెనీ కొత్త కార్లను ఓడించింది.

ఇది ఎలా సాధ్యమైందో టర్బో చూస్తే సగం అర్థమవుతుంది. పొగగొట్టం నుంచి వృథాగా పోయే వేడి గాలితో చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోస్తుంది. మిగతా సగం బాష్ వాళ్ల మోట్రానిక్, ఇంధనాన్నీ స్పార్క్‌నీ కలిపి లెక్కగట్టే ఎలక్ట్రానిక్ పెట్టె. అది వచ్చాక ఒక్క చుక్క కూడా ఉత్తపుణ్యానికి కాలలేదు. బాష్‌దీ స్టుట్‌గార్టే. ఇప్పుడు పోర్షే రోడ్డు కార్లలో ఉండే రెండు క్లచ్‌ల పీడీకే గేర్‌బాక్స్‌ని కూడా ఈ 956, 962ల్లోనే ఏళ్లపాటు పరీక్షించారు. 911లోకి వచ్చింది 2008లో.

లె మాన్‌కి స్టుట్‌గార్ట్ నుంచి పారిస్ మీదుగా రైల్లో వెళ్లాం. పారిస్‌లో గార్ ద లెస్ట్ స్టేషన్‌లో దిగి మెట్రో 4వ లైన్ పట్టుకుంటే నేరుగా మోంపర్నాస్ స్టేషన్, అక్కడి నుంచి గంట ప్రయాణం. రేసు వారం కాకపోతే గదులు చవక, మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. ఫ్రెంచ్‌లో 'బోంజూర్' అనకుండా ఇంగ్లిష్ మొదలుపెడితే మాత్రం ముఖాలు ముడుచుకుంటాయి. ఈ ఊరు పేరు పడిందే రియ్యెట్ అనే పంది మాంసపు వంటకానికి, కాబట్టి శాకాహారులు స్టేషన్ దగ్గర బేకరీల మీద ఆధారపడాలి. పాత ఊరూ, రోమన్ గోడా సాయంత్రం నడకకి బాగుంటాయి.

రేసు మ్యూజియం ట్రామ్ చివరి స్టాప్‌కి దగ్గర్లో ఉంది. స్టుట్‌గార్ట్ చూసి వచ్చినవాళ్లకి చిన్నగా అనిపిస్తుంది, వివరాలూ పొదుపుగానే రాశారు. దాని మీద రెండు గంటలు చాలు. ఆ తర్వాత కారు అద్దెకి తీసుకుని డి338 రోడ్డు ఎక్కండి. హునోడియేర్ అని పిలిచే ఆరు కిలోమీటర్ల తిన్నటి దారి అదే, రేసు లేనప్పుడు మామూలు రోడ్డు. 1990లో వేగం తగ్గించడానికి ట్రాక్‌కి రెండు వంపులు పెట్టారు గానీ అవి పక్కకి ఉన్నాయి. జనం వెళ్లే రోడ్డు ఇప్పటికీ తిన్నగానే పోతుంది. పాలవ్యాను వెనక వేగ పరిమితిలో మేం వెళ్తుంటే, 956లు ఇక్కడే రాత్రిపూట 350 పైన వెళ్లేవి, ఒక్కో ల్యాప్‌కి, తెల్లవార్లూ. ముల్సాన్ మలుపు దగ్గర పడ్డప్పుడు రోడ్డు చిన్నగా మీదికి లేస్తుంది. అవతల ఏముందో కనపడదు. మా బావమరిది అక్కడ మాట్లాడటం మానేశాడు, కాసేపాగి "ఇంకోసారి వెళ్దామా బావా" అన్నాడు. వెళ్లాం.

పాత గ్రూప్ సి కార్లు నిజంగా పరిగెత్తడం చూడాలంటే జూలైలో లె మాన్ క్లాసిక్‌కి టికెట్ తీసుకోవాలి, గది మాత్రం నెలల ముందే బుక్ చేసుకోవాలి. మామూలు రోజుల్లో వెళ్లేవాళ్లు అద్దె కారుని శనివారం మధ్యాహ్నంలోపు తిరిగి ఇచ్చేయండి. మేం తీసుకున్న చోట ఆదివారం ఆఫీసు తెరవరు.